ఇత్తడి మీద నీలం

మా ఆవిడ బాణాలు మూడింటినీ ఒకేసారి సీసాలో వేసేశాను. ఒకటి వేసి, ఎలా ఉందో చూసి, తర్వాత రెండోది వేయవచ్చు, బుద్ధున్నవాడెవడైనా అలాగే చేస్తాడు, కానీ ఇరవై రెండేళ్ళు లేత్ మిషన్ ముందు నిలబడినవాడికి ఆ ఓపిక ఎక్కడిది, షెడ్డులో సరుకు ఎంతుంటే అంతా ఒక్క వాయిలో ముంచి తీయడమే మాకు తెలుసు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. మా ఆవిడ నాలుగింటికి కళ్ళజోళ్ళ షాపులోంచి బయటపడుతుంది, బస్సు దొరికితే నాలుగుంబావుకి ఇంట్లో ఉంటుంది, దొరక్కపోతే నాలుగున్నర, ఐదున్నరకి క్లబ్బులో డార్టుల ఫైనల్. అంటే నాకు గంట ఉంది. గంటలో రంగంతా ఊడగొట్టి, తుడిచి, తోకలు బిగించి ఆ నల్ల తోలు పెట్టెలో ఎప్పటిలాగే పెట్టేస్తే, అక్కడికి వెళ్ళి మూత తీశాకే చూసుకుంటుంది, ఆవిడతో జంటగా ఆడే ఆ కొంగ కూడా అప్పుడే చూస్తాడు, అందరి ముందూ చూస్తాడు, వాడి మొహం ఎలా మాడిపోతుందో నేను టీ డబ్బా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తీరిగ్గా చూస్తాను. వంటింటి కిటికీలు రెండూ తెరిచాను, గ్యాసు కట్టేశాను, బల్ల మీద పాత పేపర్లు పరిచాను, అయినా అసిటోన్ వాసన ముక్కుపుటాలు ఎగరగొడుతోంది. గోళ్ళరంగు తుడిచే మందులో ఉండేది ఇదే, కాకపోతే షెడ్డు నుంచి తెచ్చింది నీళ్ళు కలపని సరుకు. సీసాకి మూత పెట్టి పట్టుకుని కూర్చున్నాను, మూత ఎగిరిపోతుందని కాదు, చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.

క్లబ్బులో అందరూ డార్టులంటారు, మా ఆవిడ మాత్రం బాణాలంటుంది. ముందు ఉక్కు ముల్లు, మధ్యలో వేళ్ళు పట్టే ఇత్తడి కడ్డీ, వెనక ప్లాస్టిక్ తోక, అంతే దాని ఒళ్ళు. తోకలు ముందే విప్పి పక్కన పెట్టాను, ఈ మందు తగిలితే ప్లాస్టిక్ బంకలా అయిపోతుంది. ఆ మధ్య కడ్డీ నాది. నాదంటే నేను కొన్నది కాదు, నేను కోసింది. పెళ్ళయిన రెండో ఏడు ఫ్యాక్టరీ పిక్నిక్‌లో ఆవిడకి లాటరీలో ఒక డార్ట్ బోర్డు తగిలింది, దాంతో వచ్చినవి ఈనెపుల్లల్లాంటి ప్లాస్టిక్ బాణాలు, విసిరితే బోర్డు దాకా వెళ్ళి సిగ్గుపడి కింద పడేవి. తొమ్మిది రోజులు అన్నం వేళలో మిషన్ దగ్గరే ఉండి మూడు కడ్డీలు తిప్పాను. పట్టు దొరకడానికి వాటి మీద అల్లికలా సన్నటి గీతలు కోశాను, వాటిని మా షెడ్డులో నర్లింగ్ అంటారు, అది చేసేటప్పుడు చేయి వణికిందా, కడ్డీ పోయినట్టే. మందుల షాపు త్రాసులో వేసి తూచాను, మూడూ ఒకే బరువు, షాపువాడు కూడా ముక్కున వేలేసుకున్నాడు. ఆవిడ ఆ రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంది, ముళ్ళు గుచ్చుకుంటాయే అంటే గుచ్చుకోనివ్వండి అంది. పన్నెండేళ్ళు అవే బాణాలు. పన్నెండేళ్ళ తర్వాత ఒక శనివారం ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే మూడూ నీలంగా ఉన్నాయి. నా ఇత్తడి కనపడట్లేదు, నా గీతలు కనపడట్లేదు, బడి బల్లకి వేసినట్టు దట్టంగా, ఒక పద్ధతీ పాడూ లేకుండా నీలం.

"ఇదేంటే?" అన్నాను.

"పార్ట్‌నర్ వేశారు. బాగున్నాయి కదూ?"

పార్ట్‌నర్. నేనెప్పుడూ ఏమండీనే. ఆ నీలం చూసి బాగున్నాయి అనే మాట నా నోటితో అన్నాను, అదీ నా బతుకు. బాగున్నాయి అని, అన్నంలో చేయి పెట్టి, ఆ పూట ఏం తిన్నానో నాకే తెలియదు.

సీసాలోకి చూస్తే రంగు ఇంకా కదల్లేదు. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరు చేస్తాడు ఆ కొంగ, అసలు పేరు చెప్పారు గానీ నేను వాడలేదు, వాడబోను. మనిషి తాటిచెట్టంత, విసిరేటప్పుడు కుడికాలి మీదే నిలబడి ఎడమకాలు వెనక్కి ఎత్తుతాడు, చేపని చూసినట్టు బోర్డుని చూస్తాడు, కొంగ కాకపోతే ఇంకేం అంటారు. నన్ను బావగారూ అని పిలుస్తాడు. ఎవరికయ్యా బావని? వాడి చెల్లెల్ని నేను చేసుకున్నానా? అలా వరస కలుపుకునేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి, వరస కలిపాక మనం నోరెత్తడానికి ఉండదు, ఎత్తితే మనమే వెధవలం అవుతాం. ఎనిమిది నెలల క్రితం జంట ఆట మొదలుపెట్టినప్పుడు క్లబ్బు సెక్రటరీ చీటీలు తీసి ఎవరికి ఎవరో కలిపాడు. నేను ఆడతానని పేరిస్తే ఆవిడే వద్దంది, మీరు ఓడిపోతే మూడు రోజులు మాట్లాడరు అంది. అది నిజమే, కానీ నిజమైనంత మాత్రాన అనాలా. అప్పటినుంచి ప్రతి శనివారం నేను టీ డబ్బా పక్కన కూర్చుని చూస్తాను. వాళ్ళు గెలిస్తే చప్పట్లు కొడతాను. అందరికంటే ఒక క్షణం ముందు కొడతాను, ఎవరూ ఏమీ అనుకోకుండా.

ఏం చూస్తానంటే వాడిని చూస్తాను. ఆవిడ విసరడానికి నిలబడితే వాడు పక్కనే కాస్త వెనగ్గా నిలబడి ఆవిడ చేతివైపు అలా చూస్తూనే ఉంటాడు, బోర్డు వైపు కాదు, చేతివైపు. పరాయివాడి పెళ్ళాం చేతిని అంతసేపు చూడాల్సిన పనేంటి? ఒకసారి ఆవిడ చేతిలోంచి బాణం జారి కింద పడింది, నేను లేచేలోపే వాడు వంగి తీసి ఇచ్చాడు, ఇచ్చినవాడు ఊరుకోకుండా ఆవిడ వేళ్ళ మధ్య తనే సర్దాడు, అదేదో పసిపిల్లకి బలపం పట్టించినట్టు. నాకు ఒళ్ళు మండింది, టీ గ్లాసు అంచు కొరికాను. ఆ రోజు ఇంటికి నడిచొస్తూ చేయి పట్టుకోబోతే ఆవిడ చేయి స్వెటర్ జేబులో పెట్టేసుకుంది. చలి అంది. చలి లేదు. ఆ తర్వాత ఎన్ని సార్లు చూశానో, చేయి జేబులోనే. ఫోన్ మోగి వాడి పేరు కనపడితే ఆవిడ చేతిలోని కప్పు కిందపడి పగిలింది, మరి నా పేరు కనపడితే ఎప్పుడైనా పగిలిందా? షాపు నుంచి వచ్చాక బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి అరగంట, ఏడుస్తుందో నవ్వుతుందో తెలియదు, తలుపు దగ్గర నిలబడి విన్నాను, అవును, విన్నాను, సిగ్గు లేకుండా విన్నాను, నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. బయటకొచ్చాక కుడిచేయి ఎర్రగా ఉడికినట్టుంది. వేణ్ణీళ్ళు ఎక్కువయ్యాయి అంది. చొక్కా బొత్తాం ఊడితే కుట్టవే అన్నందుకు మీరే కుట్టుకోకూడదా అని కసిరింది, పద్నాలుగేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనని మనిషి. మనసు వేరే చోట ఉన్న మనిషికి మొగుడి బొత్తాం బరువే అవుతుంది అనుకున్నాను. ఆ బొత్తాం నేనే కుట్టుకున్నాను, తిరగేసి కుట్టాను, ఇప్పటికీ అలాగే ఉంది.

అదిగో, ముడత పడింది. ఒక కడ్డీ మీద నీలం పొంగి పాలమీగడలా లేచింది, రెండో దాని మీద కూడా, మూడోది కాస్త మొండికేసి మెల్లగా పగిలింది. నాకు వచ్చిన సంతోషం చెప్పుకోదగ్గది కాదు. మూడున్నర దాటింది, సీసా మూత తీసి పట్టకారుతో మొదటిదాన్ని బయటికి లాగి పేపరు మీద పెట్టి పాత పళ్ళ బ్రష్‌తో తోమితే రంగు చొక్కా విప్పినట్టు వచ్చేస్తోంది. కింద ఇత్తడి. నా ఇత్తడే. రా తల్లీ, బయటికి రా, అన్నాను, పిచ్చివాడిలా పైకే అన్నాను. గీతలు బాగా అరిగిపోయి ఉన్నాయి, అల్లిక అల్లికలా లేదు, పన్నెండేళ్ళు వేళ్ళు రాపాడితే ఇత్తడైనా ఏం చేస్తుంది, బొటనవేలు పెట్టే చోట అయితే అద్దంలా నున్నగా ఉంది. మళ్ళీ కొయ్యాలి వీటిని, నాతో ఒక్క మాట అంటే పది నిమిషాల్లో కోసి ఇచ్చేవాణ్ణి కదా, రంగు డబ్బా పట్టుకున్న కొంగ దగ్గరికి వెళ్ళాలా? అనుకుంటూ తోముతుంటే బ్రష్ ఎక్కడో తట్టుకుంది. రంగు గడ్డకట్టిందేమో అని గోటితో గీకాను. గడ్డ కాదు. కడ్డీ చుట్టూ ఒక కట్టులా ఉంది, ఎత్తుగా, రంగు పోయినా అది పోలేదు. టూత్‌పిక్ పెట్టి ఒక కొస లేపితే పోగు వచ్చింది. దారం. లాగుతుంటే చుట్టు వెంట చుట్టు ఊడి వస్తోంది, నీలం అంటుకుని గట్టిగా, లోపలి చుట్లు మాత్రం ఆకుపచ్చ. లాగేశాను. చేయి ఆగలేదు, అలవాటు, పని మధ్యలో చేయి ఆగదు. పక్కనే ఇంకో కట్టు, దానికంటే లావుగా. అదీ లాగేశాను. రెండోదీ మూడోదీ సీసాలోంచి తీసి చూస్తే వాటికీ రెండేసి కట్లు ఉన్నాయి, కానీ బ్రష్ తగలగానే మందులో నానిన దారం రంగుతో సహా జారి ముద్దగా నా వేళ్ళకి చుట్టుకుంది. అప్పుడు ఆగాను. ఆగి ఏం లాభం.

ఆ ఆకుపచ్చ నాకు తెలుసు. ఈ వంటింటి కర్టెన్ అంచు కుట్టిన దారం అది, ఆవిడ కుట్టు డబ్బాలోది. ఉత్తరాలు వేరుచేసేవాడి ఇంట్లో ఆ దారం ఉండదు. అంటే చుట్టింది ఆవిడే. ఆటగాళ్ళు అందం కోసం దారం చుట్టి దాని మీద రంగు వేసి దాచిపెట్టరు. ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, మూడింటికీ అదే కొలతలో. కొలత పెట్టి చేసిన పని అంటే అవసరం ఉన్న పని, ఆ మాత్రం నాకు తెలుసు, నేను చేసేదే అది. కళ్ళు మూసుకుని పట్టుకున్నా వేలు ఎక్కడ పెట్టాలో తెలిసేలా చేశారెవరో. వేలికి తెలియనివాళ్ళ కోసం చేశారు. కప్పు. ఫోన్ మోగిందని కాదు కప్పు పడింది. జేబులో చేయి. వేణ్ణీళ్ళు. బొత్తాం కుట్టలేకపోయింది. అయ్యో, సూదిలో దారం ఎక్కించలేకపోయింది, అందుకే కసిరింది, నేను ఆ బొత్తాం తిరగేసి కుట్టుకుని రెండు నెలలుగా దాన్ని ఆవిడ కళ్ళ ముందే తొడుక్కుని తిరుగుతున్నాను. షాపులో రోజంతా ఆవిడ పట్టేది ఆవగింజంత మరలు, కళ్ళజోడు చెవి దగ్గర బిగించేవి. వాటిని ఎలా పడుతోంది? ఎవరికీ తెలియకుండా ఎలా నెట్టుకొస్తోంది? వాడు బోర్డు వైపు కాకుండా చేతివైపు చూశాడని కదా నా ఏడుపు. ప్రతి శనివారం అదే గదిలో నేనూ ఉన్నాను, నాకూ కళ్ళున్నాయి, కానీ నేను చూసింది వాడి మొహం.

నాకెందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న అడుక్కోవడానికి నాకు సిగ్గుండాలి. నాలుగేళ్ళ క్రితం ఆవిడ కాలు మడతపడితే, ఆటలెందుకు ఈ వయసులో అని ఇల్లెగిరిపోయేలా అరిచి బ్యాడ్మింటన్ బ్యాటు అటక మీద పడేశాను. ప్రేమతోనే పడేశాను. ఆ బ్యాటు మళ్ళీ కిందికి దిగలేదు. చేయి తిమ్మిరిగా ఉందండీ అంటే ఈ పెట్టె కూడా ఆ బ్యాటు పక్కకే వెళ్ళేది, నాకు తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు. అయినా కొంగకి చెప్పింది కదా! ఇంత జరిగాక కూడా, చేతికి పచ్చదారం చుట్టుకుని కూర్చుని కూడా, నాకు కుళ్ళే. జబ్బు సంగతి వాడికి ముందు తెలిసిందని కుళ్ళు. ఇదేం మనిషినో నాకే అర్థం కావట్లేదు.

నాలుగుకి ఎనిమిది నిమిషాలు. కొలత పోయింది, రాసుకోలేదు, ఒక్కటి ఉంచుకుని ఉంటే దాన్ని చూసి మిగతా రెండూ చుట్టేవాణ్ణి. ఆ కొలత తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకరు ఇంకా షాపులోంచి బయటపడలేదు. చేతులు తుడుచుకుని రెండోవాడికి ఫోన్ చేశాను. నా ఫోన్‌లో వాడి నంబరు కొంగ అనే ఉంది.

"చెప్పండి బావగారూ! బయల్దేరారా?"

"ఆ బాణాలకి దారం ఎలా చుట్టారు?" అన్నాను.

అటునుంచి ముద్రలు కొడుతున్న చప్పుడు వినిపించింది. "మీకు చెప్పేసిందా?" అన్నాడు.

"చెప్పకుండా ఎలా ఉంటుంది? నా భార్య కదా," అన్నాను. అబద్ధం ఆడుతున్నానని తెలుసు, ఆ ఒక్క మాట మాత్రం వాడి ముందు ఒప్పుకోలేను, చచ్చినా ఒప్పుకోలేను.

"హమ్మయ్య. బతికించారు బావగారూ! రెండు నెలల నుంచి మొత్తుకుంటున్నాను, మీకు చెప్పమని. ఏం, ఊడిపోయాయా?"

"ఊడిపోయాయి."

వాడు చెప్పాడు, నేను పేపరు అంచు మీద రాసుకున్నాను. చూపుడువేలికి ఐదు చుట్లు, ముల్లు మొదలు నుంచి బొటనవేలి గోరంత దూరంలో. మధ్యవేలికి తొమ్మిది చుట్లు, దాని పక్కనే. "మధ్యవేలికి లావుగా ఉండాలండీ, ఆ వేలికి అసలు తెలియట్లేదు. రంగు ఇప్పుడు ఆరదు, కాస్త జిగురు రాస్తే చాలు. అప్పుడు నేను చుడతానంటే తను ఒప్పుకోలేదు, మీరు చేసినవాటి మీద ఇంకొకళ్ళ పని వద్దంది. నాలుగు రోజులు పట్టింది తనకి. నేను పైన రంగు మాత్రం వేశాను, దారం కనపడితే మీరు అడుగుతారని." నా భార్య మధ్యవేలి సంగతి పరాయి మగాడు చెప్తుంటే నేను బుద్ధిగా రాసుకున్నాను. ఆ నీలం నాకోసం వేసింది అన్నమాట. నా కళ్ళు మూయడానికి. ఫోన్ పెట్టేస్తానన్నప్పుడు వాడు మళ్ళీ, "అయితే గురువారం డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్తారుగా? నేను సెలవు పెట్టుకున్నాను, రద్దు చేసుకుంటాను మరి," అన్నాడు. నేనే తీసుకెళ్తాను అన్నాను. తర్వాత, మీరూ రండి అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

కుట్టు డబ్బా తెచ్చి మొదలుపెట్టాను. మైక్రోమీటరు పట్టే చేతులు, ఒక దారం కొస పట్టుకోలేకపోయాయి. రెండు కడ్డీలు పూర్తయి మూడోదానికి మధ్యవేలి కట్టు చుడుతుండగా తాళం తిరిగింది. నాలుగూ ఇరవై. ఆవిడ తలుపు దగ్గరే వాసన పట్టింది, చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వచ్చింది, బల్ల మీద ఇత్తడి చూసింది, నీలం ముద్ద చూసింది, పచ్చదారం చూసింది.

"ఆయన చెప్పారా?" అంది.

"లేదు. నేను రంగు తీశాను. తీస్తే దారం బయటపడింది."

"ఎందుకు తీశారు?"

"కుళ్ళుకుని," అన్నాను.

అరుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని కుడిచేయి చాపింది. ఎన్నాళ్ళయిందో ఆ చేయి నా వైపు వచ్చి. పూర్తయిన బాణం ఒకటి అందులో పెట్టాను. కళ్ళు మూసుకుంది. చూపుడువేలు తన చోటికి వెళ్ళి ఆగింది. మధ్యవేలు కట్టు మీద నుంచి జారింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ జారింది, అక్కడే ఉన్నదాన్ని వెతుక్కుంటూ తిరిగింది. నేను వాడు చెప్పినట్టే చుట్టాను, తొమ్మిది చుట్లు, లెక్క తప్పలేదు.

"పక్కన ఇంకో కట్టు వేయండి," అంది కళ్ళు తెరవకుండా. "ఉంగరంవేలికి కూడా."

"ఆయన రెండు వేళ్ళకే చెప్పాడు."

"పోయిన వారం నుంచి అదీ తెలియట్లేదు." "ఇది ఆయనకీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మీకే," అంది.

వాడికి తెలియనిది, నాకొక్కడికే చెప్పింది. రెండు నెలలుగా నేను కోరుకున్నది అదే. దారం తెంపి, ఆ వేలు నా వేళ్ళతో పట్టుకుని, కడ్డీ మీద ఎక్కడ ఆనుతుందో చూసుకుని అక్కడ చుట్టడం మొదలుపెట్టాను, ఒకటి, రెండు, మూడు, నా కళ్ళకి దారం కనపడట్లేదు.